ముప్పై గంటలకు ఒక క్రెడిట్, స్టాంపు అదనం

నేను ముప్పై నాలుగేళ్లు ప్రభుత్వ కార్యాలయంలో పనిచేసి, గెజిటెడ్ హోదాలో రిటైరై, ప్రస్తుతం హైదరాబాద్ విద్యానగర్‌లో బీపీ మాత్రలు వేసుకుంటూ కాలక్షేపం చేస్తున్న మనిషిని. పచ్చ సిరా వాడే అధికారం ఉన్న రోజుల్లో మా గల్లీ పిల్లలందరికీ నేను కావలసినవాణ్ని. పొద్దున్నే పేపరు కంటే ముందు జిరాక్సు కాగితాలు వచ్చేవి. సెల్ఫ్ అటెస్టేషన్ వచ్చాక మా గుమ్మం తొక్కినవాడు లేడు. అందుకని మొన్న మా చెల్లెలి కొడుకు, బీటెక్ మూడో సంవత్సరం వాడు, కిలో బత్తాయిలు పట్టుకుని వచ్చేసరికి, ఊరక రాలేదని అర్థమైంది.

"మామా, నీకు తెలిసినోళ్లది కంపెనీ ఏమన్న ఉన్నదా?"

"ఉద్యోగానికారా?"

"ఉద్యోగం కాదు, ఇంటర్న్‌షిప్. పని ఏం వద్దు మామా. లెటర్‌హెడ్ ఉంటే సాలు."

వాణ్ని కోప్పడాలనే అనుకున్నాను. కానీ ఏటా నేను బతికే ఉన్నానని లైఫ్ సర్టిఫికెట్ ఇస్తే తప్ప నాకు పెన్షన్ రాదు. ఎదురుగా నిలబడి దగ్గినా ట్రెజరీ నమ్మదు. నేను బతికున్నాననడానికే కాగితం కావలసివచ్చినప్పుడు, వాడు ఏదో నేర్చుకున్నాననడానికి కాగితం అడగడంలో తప్పేముంది? కాబట్టి విషయాన్ని పద్ధతి ప్రకారం, ఫైలు తెరిచి, పూర్వాపరాలతో పరిశీలించాను. నా పరిశీలన కింద సమర్పిస్తున్నాను.

విశ్వవిద్యాలయాల పెద్దలైన యూజీసీ వారు 2022 డిసెంబరులో డిగ్రీలకు కొత్త చట్రం ఇచ్చారు. చదువును కొలిచే తూకంరాయి పేరు క్రెడిట్. మూడేళ్ల డిగ్రీకి 120 క్రెడిట్లు, నాలుగేళ్లదానికి 160. అందులో వేసవి ఇంటర్న్‌షిప్‌కు 2 నుంచి 4. మరుసటి ఏడాది ఏప్రిల్లో జాతీయ క్రెడిట్ ఫ్రేమ్‌వర్క్ వచ్చింది. 30 గంటలు నేర్చుకుంటే ఒక క్రెడిట్, ఏడాదికి 1200 గంటలు, అంటే 40 క్రెడిట్లు. క్లాసు, ల్యాబు, ఎన్ఎస్ఎస్, ఎన్‌సీసీ, ఆటలు, ఇంటర్న్‌షిప్, ఏ గంగ అయినా సముద్రంలో కలవాల్సిందే అన్నట్టు అన్నీ ఈ లెక్కలోకే వచ్చి పడతాయి.

ఈ గంటలకు ఆ పత్రంలో 'నోషనల్' గంటలని పేరు పెట్టారు. ఆ మాట చదవగానే నా కళ్లు చెమ్మగిల్లాయి. నోషనల్ అంటే ఏమిటో ప్రభుత్వోద్యోగికి ఇంకొకరు విడమరిచి చెప్పనక్కర్లేదు. నోషనల్ ఇంక్రిమెంటు సర్వీసు రిజిస్టర్లో ఉంటుంది, జేబులో ఉండదు. నోషనల్ ప్రమోషన్ వస్తే స్వీట్లు మనమే కొనాలి, జీతం మాత్రం పాతదే. రాసినవాళ్ల ఉద్దేశం అది కాదనుకోండి. క్లాసులో విన్నది, ఇంట్లో చదివింది, ల్యాబులో చేసింది కలిపి మామూలు విద్యార్థికి ఎంత సమయం పట్టవచ్చో వేసిన అంచనా అది. మంచి ఉద్దేశమే. కాకపోతే ఉద్దేశం ఢిల్లీలో ఉండిపోయింది, సంతకం మాత్రం గల్లీలో పెడుతున్నారు.

ఇంకో ముచ్చటైన లెక్క కూడా ఉంది. యూజీసీ చట్రంలో వారానికి ఒక గంట చొప్పున 15 వారాలు పాఠం వింటే ఒక క్రెడిట్. అదే ఇంటర్న్‌షిప్ అయితే వారానికి రెండు గంటలు, మొత్తం 30. అంటే చెయ్యడం కన్నా వినడానికి రెట్టింపు విలువ. విన్నప్పుడు మెలకువగా ఉన్నారా లేదా అన్నది వేరే ఫైలు.

సంపాదించిన క్రెడిట్లు దాచుకోవడానికి 2021లో ఒక బ్యాంకు కూడా పెట్టారు. అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్. పిల్లవాడికి అపార్ అని 12 అంకెల నంబరిస్తారు. పేరుకు తగ్గట్టే అపారంగా ఉంది. బ్యాంకన్నారు కదా అని మా చెల్లెలు వడ్డీ ఎంతని అడిగింది. వడ్డీ లేదు సరికదా, ఏడేళ్లు దాటితే దాచుకున్నవి చెల్లవు. ఆవకాయ కంటే మన్నికే, పొలం పాస్‌బుక్కు కంటే తక్కువ.

ఇక మేనల్లుడి సమస్యకు వస్తాను. వాడి ఫోనులో నేను చూసిన మెసేజీలు చెబితే మీరు నమ్మరు. ఆరు వారాల ఇంటర్న్‌షిప్, సర్టిఫికెట్ 24 గంటల్లో. వెనక తేదీ కావాలంటే 300 అదనం. ప్రాజెక్టు రిపోర్టు, పీపీటీ, వైవాలో అడిగే ప్రశ్నలకు జవాబులు కలిపి ప్యాకేజీ. అమీర్‌పేట మైత్రీవనం చుట్టూ తిరిగినవారికి ఇది కొత్త కాదు. అక్కడ గోడకు ఇటుకలకన్నా కోచింగు బోర్డులే ఎక్కువ, రెడీమేడ్ షర్టు దొరికినట్టే రెడీమేడ్ ప్రాజెక్టూ దొరికేది. కాకపోతే అప్పట్లో కనీసం మెట్రో దిగి నాలుగంతస్తులు ఎక్కాలి. ఆ మాత్రం ఒళ్లు వంగేది. ఇప్పుడు మంచం మీదే పని పూర్తి. నా అభిప్రాయం అడిగితే ఆ మెట్లకైనా అర క్రెడిట్ ఇవ్వాల్సింది.

"ప్రభుత్వం ఆన్‌లైన్‌లో పాఠాలు చెప్పే స్వయంలో కోర్సు చెయ్యరాదురా, 2017 నుంచి ఉంది కదా, ఐఐటీ వాళ్లు కూడా చెబుతారు, కాలేజీలు 40 శాతం దాకా క్రెడిట్లు దాని మీదే ఇవ్వొచ్చట" అన్నాను.

"దాంట్ల పరీక్ష సెంటర్‌కు పోయి రాయాలె మామా" అన్నాడు వాడు, గొంతులో నిజమైన బాధతో.

జీతమిచ్చే ఇంటర్న్‌షిప్ లేదా అని కూడా వెతికాను. 2024 అక్టోబరులో కేంద్రం ప్రధానమంత్రి పేరు మీద ఒకటి మొదలుపెట్టింది. మొదలుపెట్టినప్పుడు నెలకు 5,000, చేరినప్పుడు ఒకసారి 6,000, వయసు 21 నుంచి 24 మధ్య అన్నారు. బాగుంది కదా అని వాడికి చూపిస్తే, రెగ్యులర్ కాలేజీలో చదువుతున్నవాళ్లు దానికి అర్హులు కారని వాడే చదివి వినిపించాడు. అంటే డబ్బిచ్చే ఇంటర్న్‌షిప్ విద్యార్థికి కాదు, విద్యార్థికి దొరికే ఇంటర్న్‌షిప్‌కు డబ్బు వాడే ఇవ్వాలి. ఇందులో గందరగోళం ఏమీ లేదు. ముప్పై నాలుగేళ్ల సర్వీసులో ఇంత స్పష్టమైన నిబంధనలు నేను చూడలేదు.

మా కాలంలో ఇవేవీ లేవని ఎవరైనా అంటే ఒప్పుకోను. పనితోనే చదువు సాగాలని గాంధీగారు 1937లో వార్ధాలో చెప్పినప్పటినుంచీ ఈ దేశంలో ప్రతి తరమూ ఆ ఆలోచనను తనకు తోచినట్టు అమలు చేసింది. మా బడిలో క్రాఫ్టు పీరియడుండేది. ఆ పీరియడులో మేము హెడ్మాస్టరుగారి ఇంటి పెరట్లో బెండ మొక్కలకు నీళ్లు పోసేవాళ్లం. అయిదేళ్లు పోశాం. ఒక్క బెండకాయ రుచి చూసిన పాపాన పోలేదు, ఒక్క క్రెడిట్ రాలేదు.

అందుకే, విధానంలో చిన్న చిన్న సవరణలు చేస్తే ఈ నగరం దేశానికే దారి చూపగలదని నా నమ్మకం. అన్నిటికంటే ముందు గణేశ్ మండపాలను గుర్తించాలి. నవ్వకండి. మా గల్లీ కుర్రాళ్లను ఆరేళ్లుగా గమనిస్తున్నాను. నెల ముందు కమిటీ వేస్తారు, అధ్యక్ష పదవికి గొడవ, కోశాధికారి పదవికి ఇంకా పెద్ద గొడవ. చందా పుస్తకం అచ్చు వేయిస్తారు. ఎవరింటికి పొద్దున వెళ్లాలో, ఎవరింటికి వాళ్లావిడ ఉన్నప్పుడు వెళ్లాలో, ఎవరి దగ్గర 516తో మొదలుపెడితే 116 దగ్గర తెగుతుందో వాళ్లకు తెలిసినంతగా ఏ మార్కెటింగు ప్రొఫెసరుకూ తెలియదు. ధూల్‌పేట వెళ్లి విగ్రహం బేరమాడతారు. పోలీసు అనుమతి, కరెంటు కనెక్షను, డీజే మీద పక్కింటి డాక్టరుగారి ఫిర్యాదు, వర్షం వస్తే టార్పాలిన్. నిమజ్జనం రోజు ట్యాంక్‌బండ్ మీద క్రేను వరసలో పద్నాలుగు గంటలు నిలబడతారు, మధ్యలో లారీ డ్రైవరు వెళ్లిపోతానంటే బతిమాలి ఆపుతారు. నిమజ్జనమైన వారానికి లెక్కలు చెబుతారు, లెక్కలు కుదరవు, మళ్లీ గొడవ. సరఫరా గొలుసు, విపత్తు నిర్వహణ, ఆడిటు, కార్పొరేటు పాలన, ఇందులో లేనిదేమిటి? ధరల నిర్ణయం మీద పీజీ స్థాయి పరిశోధన కావాలంటే బాలాపూర్ గణేశుడి లడ్డూ వేలం ఉండనే ఉంది. 1994లో 450 రూపాయలకు పాడిన లడ్డూ 2024లో 30 లక్షలు దాటింది. ఏ బిజినెస్ స్కూలులో దొరుకుతుంది ఇంత తియ్యని కేస్ స్టడీ?

మా మేనల్లుడు ఆ కమిటీలో ఆరేళ్లుగా ఉన్నాడు. రెండేళ్లు కోశాధికారి. ఆ సంగతి రాసి పెట్టరాదా అంటే, "అది టైంపాస్ మామా, దానికెవడిస్తడు" అని నన్ను చూసి జాలిపడ్డాడు.

మరో సవరణ నా స్వార్థం కొద్దీ. పని అనుభవానికీ క్రెడిట్లు లెక్క కట్టవచ్చని ఆ ఫ్రేమ్‌వర్కులోనే ఉంది. ఏడాదికి 40 చొప్పున నా ముప్పై నాలుగేళ్లకు 1360 క్రెడిట్లు. 160తో భాగిస్తే ఎనిమిదిన్నర డిగ్రీలు. టీ విరామాలు, క్యాజువల్ లీవులు, ఎన్నికల డ్యూటీ తప్పించుకోవడానికి పెట్టిన మెడికల్ లీవులు తీసేసినా రెండు డిగ్రీలకు ఢోకా లేదు. మా ఆవిడ వంటింటి లెక్క కూడా వేద్దామని కూర్చున్నాను. కాలిక్యులేటరులో అంకెలు వస్తుండగా ఆవిడ వచ్చి నిలబడింది. ఆపేశాను.

ఈ లెక్కల పిచ్చిలోనే మా గల్లీ మొదట్లో ఇడ్లీ బండి సంగతి తట్టింది. బండి ఆవిడ కూతురు డిగ్రీ రెండో సంవత్సరం. నాలుగింటికి లేచి ఎనిమిది దాకా తల్లితో బండి దగ్గరే ఉంటుంది, తరవాత కాలేజీ బస్సెక్కుతుంది. రోజుకు 4 గంటలు, పండగలూ పరీక్షలూ పోను ఏడాదికి 300 రోజులు. 1200 గంటలు. ముప్పైతో భాగించాను. సరిగ్గా 40. ఆ అమ్మాయి ఏటా బండి దగ్గర ఒక సంవత్సరం చదువు పూర్తి చేసి, ఆపైన కాలేజీకి పోయి ఇంకో సంవత్సరం చదువుతోందన్నమాట. చలికాలంలో పిండి ఎన్ని గంటలు పులియాలో, ఎవరి ఖాతా ఎంత దాటితే చట్నీ తగ్గించాలో, పది మంది ఒకేసారి స్కాన్ చేస్తే ఎవరి డబ్బు పడిందో ఎవరిది పడలేదో సౌండు బాక్సు విని చెప్పేస్తుంది. మున్సిపాలిటీ బండి వస్తోందంటే రెండు నిమిషాల్లో పొయ్యితో సహా పక్క సందులో ఉంటారు.

"నీకు ఇంటర్న్‌షిప్ పెట్టమన్నారా అమ్మా?" అని అడిగాను.

"పెట్టమన్నరంకుల్. మా అమ్మ దగ్గర చేస్తున్న అని రాసిస్తే, జీఎస్టీ నంబర్, వెబ్‌సైట్, లెటర్‌హెడ్ ఉన్నాయా అని అడిగిన్రు."

జీఎస్టీ నా చేతిలో లేదు. వెబ్‌సైటంటే ఏమిటో నాకే సరిగ్గా తెలియదు. లెటర్‌హెడ్ మాత్రం నా శాఖ. నల్లకుంట వైపు నాకు తెలిసిన జిరాక్సు షాపుకు వెళ్లాను. కౌంటరు వెనక కుర్రాడు నేను నోరు తెరిచేలోపే విషయం పట్టేశాడు.

"ఇంటర్న్‌షిప్పేనా సార్? సాఫ్ట్‌వేరా, ఫార్మానా, ఎన్జీవోనా?"

"ఇడ్లీ."

వాడు ఒక్క క్షణం ఆగి, "ఫుడ్ అండ్ హాస్పిటాలిటీల పెడ్త" అన్నాడు. అయిదు నిమిషాల్లో పొగలు కక్కే ఇడ్లీ పాత్రతో లోగో, బంగారు రంగు అంచు, కింద సంతకానికి గీత, గుండ్రటి స్టాంపుకు చోటు, అన్నీ తయారు. తెలుగు ఫాంటు విరిగితే సరిచేశాడు. నేను రాసిచ్చిన ఇంగ్లిషులో రెండు తప్పులు దిద్దాడు. నా సర్వీసులో ఇంత శుభ్రంగా డ్రాఫ్టు పెట్టిన క్లర్కును చూడలేదు.

"ఎక్కడ నేర్చుకున్నావయ్యా ఇదంతా?"

"ఎవరు నేర్పిస్తరు సార్. మూడేండ్ల సంది ఇక్కడనే. పొద్దుగాల కాలేజీ, పగటీలి నుంచి షాపు."

"అయితే నీ ఇంటర్న్‌షిప్ సంగతి తేలిపోయినట్టే కదా."

"యాడిది సార్, నాది ఇంకా పెట్టనే లేదు. ఓనర్‌ను అడిగితే మనకు లెటర్‌హెడ్ లేదన్నడు." అంటూ మౌసుతో ఇంకో ఫోల్డరు తెరిచాడు. అందులో వరసగా నలభై కంపెనీల లోగోలు. "మీరు పెద్దమనిషి గదా సార్, జర చూసి చెప్పుండ్రి. నాకు ఏ కంపెనీ అయితే నమ్ముతరంటరు?"