శాలువా కప్పేముందు ఒక్క మాట

డిసెంబర్లో రవీంద్ర భారతిలో మన సంఘం సేవా కార్యక్రమాల ముగింపు సభకు వచ్చినవాళ్లకు ఆ మాట గుర్తుండే ఉంటుంది. శాలువా కప్పించుకున్న పెద్ద వకీలు గారు మైకు అందుకుని, "ఇప్పటి జూనియర్లకు శ్రద్ధ లేదు. ఒళ్లు కోర్టులో ఉంటుంది, మనసుండదు" అన్నారు. హాలంతా చప్పట్లు. నేనూ కొట్టాను. పక్కన మా అక్క కూతురు చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. అది వకీలుగా ఎన్‌రోల్ అయి రెండేళ్లు.

మర్నాడు దాంతోపాటు మదీనా దగ్గర హైకోర్టుకు వెళ్లాను. అరచేతిలో బాల్‌పెన్నుతో మూడు ఐటెం నంబర్లు, అంటే ఆ రోజు జాబితాలో కేసుల వరుస సంఖ్యలు, రాసుకుంది. ఒక హాల్లో పాస్‌ఓవర్ (కేసును కాసేపాగి పిలవమని) అడిగి ఇంకో హాలుకు పరుగు. మూడో కేసు కాగితాలు రెండు రాత్రులు మేలుకుని అదే తయారుచేసింది. తీరా కేసు పిలిచేసరికి సీనియర్ వచ్చి కట్ట అందుకున్నారు, ఐదు నిమిషాలు వాదించి వెళ్లిపోయారు. దానివైపు చూడనైనా లేదు. బయటికొచ్చి మెళ్లో బ్యాండ్ విప్పి మడతపెడుతూ, "మొదటి ఏడాది ప్రతి కేసూ ఇంటికెళ్లి మళ్లీ చదివేదాన్ని పిన్నీ. ఇప్పుడు వాయిదా తేదీ రాసుకుని వచ్చేస్తున్నా" అంది.

నెలకు దానికిచ్చేది 8,000. పట్టణాల్లో 20,000, పల్లెల్లో 15,000 జూనియర్లకు ఇవ్వమని వకీళ్ల వృత్తిని నియంత్రించే బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2024 అక్టోబర్లో సర్క్యులర్ పంపింది. అది సలహాయే, తప్పనిసరి కాదు. జడ్జి పరీక్షకు మూడేళ్ల ప్రాక్టీసు ఉండాలని సుప్రీంకోర్టు 2025 మేలో తేల్చాక, దాని స్నేహితులు కొందరు ఆ మూడేళ్లూ ఎప్పుడు నిండుతాయా అని రోజులు లెక్కపెడుతున్నారు.

సీనియర్ల ఇబ్బంది నాకు తెలియంది కాదు. మా నాన్న సిటీ సివిల్ కోర్టులో వకీలు. క్లయింట్ల ఫీజు బాకీలు చూస్తూ పెరిగాను. చిన్న ఆఫీసుకు 20,000 భారమే. నాన్నా జూనియర్లకు పెద్దగా ఇచ్చింది లేదు. కానీ సాయంత్రం కట్ట ముందేసుకుని, "నువ్వయితే ఎక్కణ్నుంచి మొదలుపెడతావురా?" అని అడిగేవారు. అమ్మ వాళ్లకూ కలిపే ఉప్మా చేసేది. కేసు పోయిన రోజు వాళ్లకూ అన్నం సయించేది కాదు.

కమిటీ వారికి నా మనవి. వచ్చే డిసెంబర్లో పెద్దల పక్కన ఒక జూనియర్‌నీ వేదికెక్కించండి, మాట్లాడనివ్వండి. శాలువా అందుకునే పెద్దలకు చేతులు జోడించి అడుగుతున్నాను: ఆలస్యాన్ని మన్నించమని అడిగే ఒక చిన్న డిలే పిటిషనైనా సరే, ఆ పిల్లల చేత వాదింపించండి. పక్కనే నిలబడండి. తడబడితే మాట అందించండి.