ఫిల్టర్ తీస్తేనే చేతిపని కనిపిస్తుంది

చెన్నైలో పెళ్లిళ్లకు మేకప్ చేసే మన తెలుగు అమ్మాయిల ఇన్‌స్టాగ్రామ్ పేజీలు వరసగా చూడండి, టీ నగర్ వాళ్లవైనా వడపళని వాళ్లవైనా, అన్నిట్లో ఒకే ముఖం ఉన్నట్టుంటుంది. మచ్చ ఉండదు, చర్మం మీద గీత ఉండదు, ఛాయ కూడా అందరిదీ ఒకటే. వీళ్లలో చాలామందికి గొప్ప పనితనం ఉంది, దాన్ని చేతులారా ఫిల్టర్ కింద కప్పేసుకుంటున్నారన్నదే నా బాధ.

పేజీ తెరిచే పెళ్లికూతురికి కావాల్సినవి రెండే: నా రంగు మీద ఇది ఎలా ఉంటుంది, చివరిదాకా నిలుస్తుందా. చెన్నై ఉక్కపోత తెలిసిందే కదా, తెల్లవారుజామునే కుర్చీలో కూర్చున్న పిల్ల హోమం పొగనీ, వీడియో లైట్ల వేడినీ తట్టుకుని తలంబ్రాల దాకా ఆ ముఖంతోనే ఉండాలి. మేకప్ అయిన ఐదు నిమిషాలకు తీసిన ఫోటోలో ఆ సంగతి ఎలా తెలుస్తుంది? తలంబ్రాలయ్యాక మామూలు ఫోన్‌తో, ఎడిటింగ్ లేకుండా తీసిన ఫోటో ఒకటి పెట్టండి, పెళ్లికూతురి తల్లికి కూడా ధైర్యం వస్తుంది.

నాకు అసలు మింగుడుపడనిది ఇంకోటుంది. చామనఛాయ అమ్మాయిల ఫోటోలు పెట్టరు, పెట్టినా తెల్లబరిచి పెడతారు. అదే ఛాయ ఉన్న మరో అమ్మాయి ఆ పేజీ చూసి, నాకూ ముఖం ఒక రంగు మెడ ఒక రంగు చేస్తారేమోనని టెన్షన్ పడి వెళ్లిపోతుంది. టైటానియం డయాక్సైడ్ ఉన్న సన్‌స్క్రీన్, సిలికా పౌడర్ ఎక్కువైతే ఫ్లాష్ పడగానే ముఖం తెల్లగా తేలిపోతుందని ఆర్టిస్టులందరికీ తెలుసు, అందుకే ఫ్లాష్‌తో ఒకటి, పగటి వెలుతురులో ఒకటి పక్కపక్కన పెడితే మీ పని మీద అనుమానం ఉండదు.

2025 జనవరిలో ఇన్‌స్టాగ్రామ్ గ్రిడ్, అంటే పేజీలో ఫోటోలు వరసగా కనిపించే గళ్లు, చదరం నుంచి నిలువుకు మారింది, ఆ గళ్లలో కనిపించే పాత కవర్ బొమ్మల్లో పక్కలు తెగిపోయి ఉంటాయి, ఓసారి సరిచూసుకోండి. పైన పిన్ చేసుకోవడానికి మూడు పోస్టులకు చోటుంది, అక్కడ ఎక్కువ లైకులొచ్చిన రీల్ కన్నా మూడు వేర్వేరు ఛాయల ముఖాలు ఉండటం మేలు.

అనుమతి సంగతి చాలామంది పట్టించుకోరు. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం, వేరే ఒప్పందం లేకపోతే, డబ్బిచ్చి ఫోటో తీయించుకున్నవాళ్లే దానికి మొదటి హక్కుదారులు. అంటే పెళ్లివారు ఫోటోగ్రాఫర్‌కు డబ్బిచ్చి తీయించుకున్న ఫోటో మీద మేకప్ ఆర్టిస్టుకు ఏ హక్కూ లేదు. బుకింగ్ అప్పుడే వాట్సాప్‌లో ఒక మాట అడిగి రాతపూర్వకంగా ఒప్పుకోలు తీసుకోండి, వద్దన్నవాళ్లను బతిమాలకండి. పెట్టేటప్పుడు చీర కట్టినవాళ్లనీ, పూలజడ వేసినవాళ్లనీ, ఫోటోగ్రాఫర్‌నీ ట్యాగ్ చేయండి. మోడల్‌తో చేసిన షూట్ అయితే మోడల్ అనే రాయండి, ఎందుకంటే ఏసీ స్టూడియోలో గంటసేపు నిలిచిన మేకప్‌ని పెళ్లి మేకప్ అని చూపించి అడ్వాన్స్ తీసుకోవడం ఆ పెళ్లికూతురిని మోసం చేయడమే.