కలిపి కూర్చోబెడితే చాలదు

“పిల్లలకు కులమతాలు తెలియవు. క్లాసులో ఆ మాట ఎత్తితేనే విషం ఎక్కుతుంది. అందర్నీ కలిపి కూర్చోబెడితే చాలు.” వాట్సాప్‌లో తెగ తిరిగే ఈ సందేశం వినసొంపుగానే ఉంటుంది. విడదీసి చూస్తే నిలవదు.

తెలియవా? 1940లలో అమెరికాలో మనస్తత్వ శాస్త్రవేత్తలైన క్లార్క్ దంపతులు 3 నుంచి 7 ఏళ్ల నల్లజాతి పిల్లల ముందు రంగులో తప్ప తేడా లేని బొమ్మలు పెట్టారు. ఎక్కువమంది తెల్లబొమ్మే మంచిదన్నారు. రంగూ కులమూ ఒకటి కావు, నిజమే. కానీ మన బళ్లో “ఎస్సీ, ఎస్టీ స్కాలర్‌షిప్ పిల్లలు లేవండి” అన్న ఒక్క కేకతో ఎవరెవరో అందరికీ తెలిసిపోతుంది. ఆ వివరాలు ఇంటర్వెల్లో ఒక్కొక్కరినే పిలిచి రాసుకోవచ్చు. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ దెబ్బల్నే కాదు, మానసిక వేధింపునూ నిషేధించింది. నగరిలోనో కుప్పంలోనో తమిళ యాసతో తెలుగు చదివిన పిల్లను చూసి క్లాసంతా నవ్వినప్పుడు టీచరు ఊరుకుంటే, నవ్వొచ్చన్నమాట అనే అనుకుంటారు పిల్లలు.

మాట ఎత్తితే చెడేది, ఎత్తే తీరు చెడ్డదైనప్పుడు. “నువ్వు యానాది పిల్లోడివి కదా, మీ ఆచారాలు చెప్పు” అని ఒకణ్ణి నిలబెట్టకూడదు. రంజాన్ గురించైనా చెప్పాల్సింది టీచరే. పిల్లాడు తనంతట చెయ్యెత్తితే వినాలి.

ఇక కలిపి కూర్చోబెట్టడం. 1971లో అమెరికాలోని ఆస్టిన్ నగరం బళ్లలో తెల్ల, నల్ల, మెక్సికన్ మూలాల పిల్లల్ని కలిపితే కొట్లాటలయ్యాయి. అప్పుడు మనస్తత్వ శాస్త్రవేత్త ఇలియట్ ఆరన్సన్ పెట్టిన పద్ధతి మన 30 మంది క్లాసుకీ పనికొస్తుంది. స్వర్ణముఖి నది మీద పాఠం అనుకోండి: పుట్టుక, చెరువులు, పంటలు, ఒడ్డున ఊళ్లు, ఇసుక, 2021 నవంబరు వరద. 6 ముక్కలు. ఆరుగురేసి 5 జట్లు. జట్లు టీచరే వేయాలి, పిల్లలకు వదిలితే ఒకే వీధివాళ్లు ఒకచోట చేరతారు. ఒక్కొక్కరికి ఒక్కో ముక్కే ఇచ్చి పుస్తకం మూయించాలి, లేదంటే ఒకరితో ఒకరికి పనుండదు. ముందు ఒకే ముక్క వచ్చిన ఐదుగురూ కూడి ఓ 10 నిమిషాలు చదువుకోవాలి. టైము చాలదని ఎగ్గొట్టాలనిపించేది ఈ మెట్టునే. ఎగ్గొడితే చదవడంలో తడబడే పిల్లకు జట్టు ముందు నోరు పెగలదు, ఉన్న చిన్నచూపు ఇంకా ముదురుతుంది. తర్వాత సొంత జట్టుకెళ్లి చెప్పాలి. పెత్తనం ఒకడే చేస్తుంటే నాయకుణ్ణి రోజూ మార్చాలి.

పరీక్ష మాత్రం ఎవరిది వాళ్లే రాయాలి. జట్టంతటికీ ఒకే మార్కు వేస్తే “వీడివల్లే పోయింది” అన్న మాట ఎవరిమీద పడుతుందో అయ్యవార్లకు చెప్పక్కర్లేదు. ఒక్కరోజు చేయించి ఫొటో పెడితే ప్రయోజనం లేదు, అవే జట్లు కొన్ని వారాలు సాగాలి.