కొండ మీది బడిని మూసేయమంటున్న సందేశానికి సమాధానం

పాడేరు ఏజెన్సీలోని ఏదో ఒక ఊరిదని చెబుతూ తాళం వేసిన బడి ఫొటో ఒకటి, దాని కింద ఒక సందేశం కొన్ని వారాలుగా చేతులు మారుతూ నా ఫోనుకు పదేపదే వస్తున్నాయి. పంపుతున్నవారిలో నేను గౌరవించే స్నేహితులు, పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయులు కూడా ఉన్నారు కనుకనే ఇంత వివరంగా రాయవలసి వస్తోంది. సందేశం సారాంశం ఇది: పది మంది పిల్లలకు ఇద్దరు టీచర్లు ఉన్నారు, ఒక్కో పిల్లవాడి మీద ప్రభుత్వం పెట్టే ఖర్చు కార్పొరేట్ బడి ఫీజును దాటుతోంది, కోట్లు పోస్తున్నా బడి గోడకు సున్నం లేదు, టీచర్లు కొండెక్కరు, గిరిజన తల్లిదండ్రులకు చదువు మీద ఆసక్తి లేదు కనుక పిల్లలూ రారు, కాబట్టి చిన్న బడులన్నీ మూసేసి మండలానికొక పెద్ద బడి పెట్టి బస్సు వేస్తే సరిపోతుంది.

తలసరి ఖర్చు ఎక్కువన్న మాట లెక్కగా నిజమే, దాన్ని కాదనను. బడి ఖర్చులో సింహభాగం జీతమే. అదే జీతాన్ని పట్నంలో ముప్పై మందితో, కొండ మీద పది మందితో భాగిస్తే రెండో అంకె మూడింతలు రాక మానదు. అయితే ఆ అంకె చెబుతున్నది ఊళ్లు ఎంత దూరదూరంగా ఉన్నాయన్న సంగతినే తప్ప దుబారాను కాదు. పది మందికి ఇద్దరెందుకన్న ప్రశ్నకు జవాబు 2009 విద్యాహక్కు చట్టం షెడ్యూలులో ఉంది: ప్రాథమిక పాఠశాలలో అరవై మంది వరకు ఇద్దరు ఉపాధ్యాయులు ఉండాలి. అక్కడ ఉండేవి ఐదు తరగతులు. ఆ పది మందిలో ఒకరికి అక్షరాలు దిద్దించాలి, మరొకరికి భాగహారం నేర్పాలి.

కోట్ల సంగతికి వస్తే, జీతాలు పోగా ఆ బడి చేతికి నేరుగా అందే సొమ్ము ప్రధానంగా సమగ్ర శిక్ష అనే బడుల పథకం కింద వచ్చే పాఠశాల గ్రాంటు. ముప్పై మంది వరకు ఉన్న బడికి అది సంవత్సరానికి 10,000 రూపాయలు. అంటే నెలకు 833 రూపాయలతో సుద్దముక్కలు, రిజిస్టర్లు, కరెంటు బిల్లు, చిన్నచిన్న మరమ్మతులు అన్నీ జరగాలి; అందులో కనీసం పది శాతం పారిశుద్ధ్యానికి కేటాయించాలి. పిల్లల సంఖ్య 31 నుంచి 100 వరకు ఉంటే గ్రాంటు 25,000. ముప్పై ఒకటో పిల్లవాడి కుటుంబం వలస పోయి పేరు తీసేస్తే బడికి 15,000 రూపాయలు తగ్గుతాయి కానీ, కప్పు కారడం ఏమీ తగ్గదు. గోడకు సున్నం ఎందుకు లేదో ఈ లెక్క చూసిన తర్వాత వేరే చెప్పనక్కర్లేదు.

టీచర్లు కొండెక్కరన్న ఆరోపణలో నిజం ఉంది, అది చిన్నదీ కాదు. వారంలో కొన్ని రోజులే వెళ్లేవారు, ఊళ్లో చదువుకున్న కుర్రవాడికి ఎంతో కొంత ఇచ్చి తమ బదులు కూర్చోబెట్టేవారు ఉన్నారు. లోపలి ఊళ్లకు తనిఖీ అధికారి ఎప్పుడో గానీ రాడన్న ధైర్యమే దీనికి కారణం. ఉపాధ్యాయ సంఘాలు ఈ విషయం మీద పెదవి విప్పకపోవడం వల్ల, నిజాయతీగా గెడ్డలు (కొండవాగులు) దాటి వెళ్లే టీచర్లు కూడా ఇలాంటి సందేశాల్లో దోషులుగా నిలబడవలసి వస్తోంది. ఇక్కడ సందేశం రాసిన వ్యక్తితో నేను పూర్తిగా ఏకీభవిస్తున్నాను.

కానీ ఆ ఫొటోలోని తాళం అదే కథ చెబుతోందని ఎలా తేల్చారు? ఫొటో ఏ తేదీన తీశారో, ఆ బడిలో మంజూరైన పోస్టులెన్నో, వాటిలో ఎన్ని భర్తీ అయ్యాయో సందేశంలో ఎక్కడా లేదు. రెండు పోస్టుల్లో ఒకటి ఖాళీగా ఉన్న బడిలో మిగిలిన ఒక్క టీచరు చుట్టుపక్కల బడుల టీచర్లంతా కలిసే కాంప్లెక్స్ సమావేశానికో, శిక్షణకో, ఎన్నికల విధికో వెళితే ఆ రోజు బడికి తాళమే. జాతీయ విద్యా విధానం 2020 ఇచ్చిన లెక్క ప్రకారం 2016-17లో దేశంలో 1,08,017 ఏకోపాధ్యాయ పాఠశాలలు ఉన్నాయి, వాటిలో 85,743 ప్రాథమిక పాఠశాలలు. ఒక బడిలో మంజూరైన పోస్టుల్లో పది శాతానికి మించి ఖాళీలు ఉండకూడదని విద్యాహక్కు చట్టం 26వ సెక్షన్ చెబుతోంది. రెండు పోస్టుల బడిలో ఒక్క ఖాళీ అంటే యాభై శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 2018 డీఎస్సీ నోటిఫికేషన్ తర్వాత 2024 ఫిబ్రవరిలో వచ్చిన 6,100 పోస్టుల నోటిఫికేషన్ రద్దయింది. 16,347 పోస్టులతో తర్వాతి డీఎస్సీ 2025లో గానీ రాలేదు. అన్నేళ్లు పదవీ విరమణలు మాత్రం ఆగలేదు. ఖాళీ అయిన పోస్టుల్లో రోడ్డు పక్క బడులవి సర్దుబాటుతోనో డిప్యుటేషన్‌తోనో ముందు నిండుతాయి, కొండ మీదివి చివర మిగులుతాయి.

షెడ్యూల్డ్ ప్రాంతాల్లోని టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే కేటాయిస్తూ 2000 జనవరిలో వచ్చిన జీవో 3ను 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం కొట్టివేసింది. నూటికి నూరు శాతం రిజర్వేషన్ చెల్లదన్న ఆ తీర్పు మీద నా వాదన ఏమీ లేదు. కానీ ఆ జీవో వెనుక ఉన్న అవసరం, అంటే ఆ ఊళ్లోనే ఉండి ఆ పిల్లల భాషలో మాట్లాడగలిగే టీచరు కావాలన్న అవసరం, తీర్పుతో పాటు మాయమైపోలేదు. దానికి బదులుగా ఏం చేయాలో ఆలోచించకుండా టీచర్లను తిట్టిపోయడం వల్ల ఒక్క బడి కూడా తెరుచుకోదు.

ఇక నాకు నిజంగా కోపం తెప్పించిన వాక్యం గిరిజన తల్లిదండ్రులకు చదువు మీద ఆసక్తి లేదన్నది. ఆ ఊళ్లో పది మందే ఎందుకు ఉన్నారో సందేశం రాసినవారు ఒక్కసారైనా ఆలోచించారా? గిరిజన పిల్లలు అక్కడే ఉండి చదువుకునే ఆశ్రమ పాఠశాలల్లో ప్రవేశాలు సాధారణంగా మూడో తరగతి నుంచి మొదలవుతాయి. ఎనిమిదేళ్ల బిడ్డను ఇంటికి దూరంగా, ఎప్పుడు జ్వరం వచ్చిందో కూడా తెలియని చోట, చదువు కోసం వదిలి వచ్చే తల్లిదండ్రులు ఉన్నారు కాబట్టే ఊరి బడిలో మూడు, నాలుగు, ఐదు తరగతులు పలచబడుతున్నాయి. చదువు కోసం బిడ్డను దూరం చేసుకున్నందువల్ల తగ్గిన సంఖ్యను చూపించి, మీకు చదువు మీద ఆసక్తి లేదని ఆ తల్లికే చెప్పడం ఏ న్యాయం? మీరూ నేనూ మన పిల్లల్ని ఎనిమిదో ఏట హాస్టల్లో వదిలామా?

హాజరు తగ్గే రోజులు లేవని కాదు. వానాకాలంలో గెడ్డ పొంగితే అవతలి గూడెం పిల్లలు రాలేరు. నవంబరు నుంచి జనవరి వరకు కాఫీ పండ్లు కోతకు వస్తాయి, వేసవికి ముందు చింతపండు దించుతారు, ఆ రోజుల్లో పెద్ద పిల్ల చంటివాణ్ణి చూసుకుంటూ ఇంట్లో ఉండిపోతుంది. సంత రోజున సగం బడి ఖాళీ. ఇవన్నీ ముందే తెలిసిన రోజులు. కోస్తా ఊళ్లకు వేసిన బడి క్యాలెండరునే కొండకూ అంటించకుండా, సెలవులను ఈ పనుల కాలానికి తగ్గట్టు మార్చుకునే వీలు కల్పిస్తే చాలావరకు సర్దుకుంటుంది. రిజిస్టరులో పేర్లు ఎక్కువ, బెంచీల మీద పిల్లలు తక్కువ అన్న మాట కూడా కొన్నిచోట్ల నిజమే. ఆశ్రమ పాఠశాలలో చేరిన పిల్లవాడి పేరు ఊరి బడిలో కొట్టేయకుండా ఉంచడం చాలాకాలం జరిగింది. పోస్టూ గ్రాంటూ రెండూ పేర్ల సంఖ్య మీదే ఆధారపడి ఉన్నప్పుడు ఆ తప్పుకు ప్రేరణ ఎక్కడినుంచి వచ్చిందో ఊహించడం కష్టం కాదు.

భాష సంగతి సందేశంలో అసలే లేదు. ఇంట్లో కువియో, ఆదివాసీ ఒడియానో వింటూ పెరిగిన ఆరేళ్ల పిల్ల బడిలో మొదటిరోజు తనకు అర్థం కాని భాషలో తిట్లు తింటే రెండోరోజు రాదు. దానికి ఆసక్తి లేకపోవడం అని పేరు పెట్టకూడదు. ఉమ్మడి రాష్ట్రంలో 2004లో కువి, కొండ, కోయ, సవర సహా ఎనిమిది భాషల్లో మాతృభాషా బోధన మొదలైంది. అంతకు ఎన్నో దశాబ్దాల ముందే గిడుగు రామమూర్తి సవర నేర్చుకుని, సవర పిల్లలకు వాళ్ల భాషలోనే చదువు చెప్పించారు. ఏటా ఆగస్టు 29న ఆయన పేరు మీద తెలుగు భాషా దినోత్సవ శుభాకాంక్షలు పంపేవారే ఈ సందేశాన్నీ పంపుతున్నారు.

చివరిది, అన్నిటికన్నా ప్రమాదకరమైనది, మూసేసి బస్సు వేయమన్న సలహా. ఆ బస్సు ఏ రోడ్డు మీద నడుస్తుంది? నిండు గర్భిణిని డోలీలో మోసుకొస్తున్న వార్తలు ఇదే ఏజెన్సీ నుంచి ప్రతి వానాకాలం వస్తున్నాయి. అంబులెన్సు చేరలేని ఊరికి బడి బస్సు ఎలా చేరుతుందో చెప్పిన తర్వాతే ఈ సలహా ఇవ్వాలి. ఒకటి నుంచి ఐదు తరగతుల వరకు కిలోమీటరు లోపు, ఆరు నుంచి ఎనిమిది వరకు మూడు కిలోమీటర్ల లోపు బడి ఉండాలని విద్యాహక్కు నమూనా నిబంధనలు చెబుతున్నాయి; వరదలు, కొండచరియలు, రోడ్లు లేకపోవడం లాంటి ఇబ్బందులున్న చోట ఆ దూరాన్ని ఇంకా తగ్గించమనే అంటున్నాయి. రవాణా భత్యం ఇస్తారు కదా అంటారేమో. నడిచే వాహనమే లేని దారిలో భత్యం పిల్లవాణ్ణి మోయదు. హాస్టలుంది కదా అంటే, ఒకటి, రెండు తరగతుల పిల్లలకు సాధారణంగా అది కూడా లేదు, ఉండకూడదు కూడా. ఆరేళ్ల పిల్లకు ఊరి బడి మూతపడితే ఆమె పెద్ద బడికి వెళ్లదు, ఇంట్లో ఉండిపోతుంది. లెక్కల్లో ఆమె పేరు పెద్ద బడి రిజిస్టరులోకి మారుతుంది, కొన్నాళ్లకు బడి మానేసినవారి జాబితాలోకి వెళుతుంది, అప్పుడు మరొకరు తల్లిదండ్రులకు ఆసక్తి లేదని ఇంకో సందేశం రాస్తారు.

ఇది ఊహ మాత్రమే అనుకునేవారు మైదాన ప్రాంతాల అనుభవం చూడవచ్చు. 2022 జూన్‌లో వచ్చిన జీవో 117తో మూడు నుంచి ఐదు తరగతులను ఉన్నత పాఠశాలల్లో కలిపే పని ఊపందుకుంది. రోడ్లు, ఆటోలు ఉన్న ఊళ్లలో కూడా తల్లిదండ్రులు రోడ్డెక్కారు. 2025లో ప్రభుత్వం దాన్ని వెనక్కి తీసుకుంది. చిన్న బడుల బలహీనతను ఏమాత్రం దాచిపెట్టని జాతీయ విద్యా విధానం సైతం, పిల్లలకు బడి అందుబాటు దెబ్బతినదని నిర్ధారించుకున్న చోట మాత్రమే, అదీ ఎంతో ఆచితూచి, విలీనం చేయాలని చెబుతోంది. దానికి బదులు చుట్టుపక్కల బడులను ఒక సముదాయంగా కలిపి టీచర్లను, సామగ్రిని పంచుకోమంటోంది. ఏకోపాధ్యాయ బడి టీచరు సెలవు పెట్టిన రోజున పంపడానికి ఆ సముదాయంలో ఒక అదనపు టీచరు ఉంటే, ఈ సందేశంతో తిరుగుతున్న ఫొటోలాంటి తాళాల్లో చాలా పడవు.

ఒక్క పిల్ల కూడా మిగలని బడిని మూసేయడానికి నాకు అభ్యంతరం లేదు. పిల్లలున్న బడి గురించి మాట్లాడేటప్పుడు మాత్రం దాని పేరు, మండలం చెప్పండి. పిల్లలు, ఉపాధ్యాయులు, గదుల వివరాలు యూడైస్ ప్లస్ అనే ప్రభుత్వ బడుల సమాచార వెబ్‌సైటులో బడి పేరుతోనే ఉంటాయి. ఖాళీ ఎన్నాళ్లుగా ఉందో, గ్రాంటు ఏ నెలలో ఎంత వచ్చిందో మండల విద్యాశాఖాధికారికి సమాచార హక్కు దరఖాస్తు పెడితే తెలుస్తుంది. ఆ జవాబుతో పాటు ఫొటో పంపండి, నేనే నలుగురికీ పంపుతాను.