'ఏకబిగిన చదివించింది' గారికి ఒక ఉత్తరం

మహారాజశ్రీ 'ఏకబిగిన చదివించింది' గారి సముఖానికి,

ఉభయకుశలోపరి. మీ క్షేమం నేను ప్రత్యేకంగా అడగక్కర్లేదు. డిసెంబరులో హైదరాబాదు ఎన్టీఆర్ స్టేడియంలో పుస్తకాల పండగ మొదలైన దగ్గర్నుంచి, జనవరిలో బెజవాడ పుస్తకాల పండగ ముగిసేదాకా మీకు ఊపిరి సలపదని తెలుసు. ఫలానా పుస్తకం ఎలా ఉందండీ అని ఎవర్నడిగినా ముందు మీరే వచ్చి తలుపు తీస్తారు. లోపల ఇంకో మాట ఏదైనా ఉందేమోనని తొంగిచూసేలోపు తలుపేసేస్తారు.

మీకు నేను చాలా రుణపడి ఉన్నానని ముందే ఒప్పుకుంటాను. అయినా మొన్నటి సంగతి తర్వాత రాయకుండా ఉండలేకపోయాను.

నా మిత్రుడొకాయన నవల వేయించాడు. ఆవిష్కరణ సభలో అయిదుగురు వక్తలు. అయిదుగురూ మిమ్మల్ని వేదిక మీదికి పిలిచారు. ఒకాయన రాత్రి పదింటికి పట్టుకుని తెల్లవారుజామున నాలుగింటికి దించాడట. ఇంకొకాయన రైల్లో చదువుతూ దిగాల్సిన స్టేషను దాటిపోయాడట. ఆరోవాణ్ణి నేను. కింద మొదటి వరసలో కూర్చున్నాను కాబట్టి మైకు నాదాకా రాలేదు గానీ, శాలువాలయ్యాక రచయిత చెయ్యి పట్టుకుని మీ పేరే చెప్పాను. అప్పటికి నేను చదివింది పన్నెండు పేజీలు, చివరి పేజీ.

మూడు వారాల తర్వాత ఆ రచయిత మేనత్తగారు ఊర్నుంచి అతనికి ఫోన్ చేసింది. ఎనభై దాటినావిడ. మధ్యాహ్నం భోజనమయ్యాక భూతద్దం పెట్టుకుని రోజుకి అయిదారు పేజీలు చదువుతుంది, తర్వాత కునుకు తీస్తుంది. "ఒరే అబ్బాయ్, ఆ పిల్లకి పెళ్ళి రెండుసార్లు చేశావేమిట్రా? పైగా రెండోసారి కూడా అదే వంకాయ కూర, అదే అప్పడాలు. మళ్ళీ పేజీ తిప్పితే చంకలో పిల్లాడు! సీమంతమైనా చెయ్యకుండా పురుడెలా పోశావురా?"

సంగతేమిటంటే, బైండింగులో 65 నుంచి 80 దాకా పేజీలున్న ఫారం (పదహారు పేజీల కట్ట) రెండుసార్లు పడింది. 81 నుంచి 96 దాకా ఉండాల్సిన ఫారం అసలు పడనే లేదు. ఒక్క కాపీలో కాదు, మొత్తం లాటంతా అంతే. పదహారు పేజీల కాపురం గల్లంతైతే అయిదుగురు వక్తలకీ, పుస్తకం కొన్న మరో నూటపాతికమందికీ, నాకూ ఏ తేడా తెలియలేదు. మేమందరం ఏకబిగిన చదివాం కదా మరి!

పాపం, మీరు పుట్టుకతో అబద్ధాలకోరు కాదని నాకు తెలుసు. వారపత్రికల్లో సీరియళ్ళు నడిచే రోజుల్లో ఏకబిగిన చదవడం ఎవరి తరమూ కాదు. సరిగ్గా హీరోయిన్ తలుపు తీసే సమయానికి 'తరువాయి వచ్చేవారం' అని ఆపేసేవాళ్ళు. ఏ ఇల్లాలో ఆ కాగితాలు చింపి దాచి, సీరియల్ పూర్తయ్యాక బైండు చేయించి, అప్పుడు ఒక్క పూటలో చదివి తీరా కళ్ళెత్తితే పొయ్యి మీద పాలు పొంగి గిన్నె అంటుకుపోయి ఉండేది. ఆవిడ మీ పేరు చెబితే నమ్మొచ్చు, సాక్ష్యానికి మాడిన గిన్నె ఉంది. ఇప్పుడు గిన్నె మాడకుండానే మీరు వచ్చేస్తున్నారు. దాదాపు వెయ్యి పేజీల వేయిపడగలు ఏకబిగిన చదివానని ఒక పెద్దమనిషి నాతో అన్నాడు. ఆశువుగా చెప్పి రాయించడానికే విశ్వనాథవారికి ఇంచుమించు నెల పట్టిందంటారు. మధ్యలో స్నానం చేశారా అని అడుగుదామనుకున్నాను, మర్యాద కాదని ఊరుకున్నాను.

పొగడ్త మీద నాకేం కోపం లేదు. మహాప్రస్థానానికి చలం 1940లో రాసిన యోగ్యతాపత్రం చూడండి. పుస్తకం రావడానికి 1950 అయింది గానీ, ఆ ముందుమాట ఇప్పటికీ చదువుతున్నాం. దాన్ని తీసి ఇంకో కవిత్వ పుస్తకానికి తగిలిస్తే అతకదు. కొలతలు తీసి కుట్టిన చొక్కా అది. మీరేమో పెళ్ళిలో పెట్టే జాకెట్టు ముక్క. ఎవరికి సరిపోతుందో పెట్టినవాళ్ళకీ తెలీదు, పుచ్చుకున్నవాళ్ళకీ అక్కర్లేదు. వచ్చిన చేత్తోనే ఇంకొకరికి పెట్టేస్తారు.

ఇంకో ఫిర్యాదు. పోయిన ఆదివారం మిత్రులం నలుగురం కూర్చుని, ఈమధ్య చదివి ఇష్టపడ్డ పుస్తకాల గురించి చెప్పుకుందామనుకున్నాం. మొదటాయన మిమ్మల్ని తెచ్చాడు. రెండో ఆయన మీ తమ్ముడు 'కళ్ళు చెమర్చాయి'ని తెచ్చాడు. మూడో ఆయన మీ పెద్దన్నగారు 'ప్రతి ఇంట్లో ఉండాల్సిన పుస్తకం'. నాలుగు నిమిషాల్లో మూడు పుస్తకాలు అయిపోయాయి. టీ ఇంకా మరగనే లేదు. హైదరాబాదు పక్కన ఆదిబట్లలో గజం స్థలం ఎంత పలుకుతోందన్న దాంట్లోకి అప్పుడే దిగబోతున్నారు.

నా వంతు వచ్చింది. ఆ వారమే శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రిగారి 'వడ్లగింజలు' మళ్ళీ చదివాను. అలవాటు కొద్దీ మిమ్మల్ని పిలవబోయి నాలిక కరుచుకున్నాను. ఎందుకంటే నేను దాన్ని ఏకబిగిన చదవలేదు, మధ్యలో ఆపేశాను. చదరంగంలో దిట్ట అయిన తంగిరాల శంకరప్ప పెద్దాపురం రాజుగారిని అడిగే బహుమతి ఉంది చూశారూ, మొదటి గడికి ఒక్క గింజ, తర్వాత గడిగడికీ రెట్టింపు... అక్కడ పుస్తకం బోర్లించి ఫోన్‌లో కాలిక్యులేటర్ తీశాను. ఎనిమిదో గడిలో 128. చారెడు కూడా లేవు. పదహారో గడిలో 32,768. 64 గళ్ళూ కలిపేసరికి ఫోన్ అంకెలు రాయడం మానేసి, పక్కన 'ఇ19' అని పెట్టి చేతులెత్తేసింది. కాగితం మీద వేసుకున్నాను: 18446744073709551615. ఇరవై అంకెలు.

ఇది వడ్లుగా ఎంతవుతుంది? మా నాన్నకి ఫోన్ చేశాను, అరవై ఏళ్ళ వ్యవసాయం ఆయనది. వెయ్యి గింజలు ఎంత తూగుతాయి నాన్నా అంటే, "ఏ రకం? స్వర్ణా, సాంబా? సాంబ గింజ సన్నం, లెక్క పడిపోద్ది" అన్నాడు. పెద్దాపురం రాజుల కాలానికి మారుటేరు స్వర్ణ ఇంకా రాలేదు నాన్నా అన్నాను. "అయితే వెయ్యికి ఇరవై గ్రాములు వేసుకో" అని కొట్టేశాడు. ఆ లెక్కన సగం బోర్డు నిండేసరికి 86 టన్నులు. తొమ్మిది లారీల సరుకు, రాజుగారు నవ్వుతూ ఇవ్వగలడు. బోర్డు మొత్తానికైతే ఇంచుమించు 37,000 కోట్ల టన్నులు. ఇప్పుడు ప్రపంచమంతా కలిసి ఏడాదికి పండించేదే 80 కోట్ల టన్నుల దరిదాపు. అంటే నాలుగు వందల ఏళ్ళకి పైగా భూమ్మీద ఎవడూ అన్నం తినకుండా వడ్లన్నీ శంకరప్ప గాదెలో పొయ్యాలి.

ఇది చెప్పేసరికి మా వాళ్ళు గజాలు మర్చిపోయారు. ఒకడు సగం బోర్డు దగ్గర రాజు ఆట ఆపేయొచ్చుగా అన్నాడు. ఇంకొకడు అంత తెలివైనవాడు భూమి అడక్క గింజలెందుకు అడిగాడన్నాడు. చివర ఏమవుతుందని ముగ్గురూ అడిగారు. చెప్పలేదు. మళ్ళీ చెబుతున్నా, ఆ కథ నన్ను చదివించలేదు, ఆపించింది. పుస్తకం ఒక పక్క, కాగితం ఒక పక్క, చెవి దగ్గర మా నాన్న. మీరుంటే ఇందులో ఒక్కటీ జరిగేది కాదు.

అందుచేత తమరు కొంతకాలం విశ్రాంతి తీసుకోవలసిందిగా కోరుతున్నాను. ఏ హరిద్వారమో వెళ్ళిరండి. మీ తమ్ముడుగారినీ వెంట తీసుకెళ్ళండి. చెమర్చి చెమర్చి ఆయన కళ్ళు ఈపాటికి ఎండిపోయి ఉంటాయి.

ఇట్లు,
తమ పాత ఖాతాదారు

తా.క.: రచయిత ఆ పోయిన పదహారు పేజీలూ జిరాక్స్ తీయించి కొన్నవాళ్ళందరికీ పోస్టులో పంపాడు. నాకొచ్చిన కవరు పదిరోజులుగా ఫ్రిజ్ మీదే ఉంది, ఇంకా చించలేదు. ఎలా ఉన్నాయో అడగడానికి ఈ సాయంత్రం ఫోన్ చేస్తానన్నాడు. తమరు ప్రయాణం రేపటికి వాయిదా వేసుకోగలరా?