బేరంలో తగ్గేది ధర ఒక్కటేనా?

హైదరాబాద్ నుంచి వరంగల్ వెళ్లే రహదారి మీద, జనగామకు కాస్త ముందే పెంబర్తి వస్తుంది. రామప్పకో వేయిస్తంభాల గుడికో వెళ్లే యాత్రికులు అక్కడ కారు ఆపి, ఇత్తడి బొమ్మను చేతిలోకి తీసుకుని ముందుగా ధర అడుగుతారు. ధర చెప్పగానే సగానికి ఇమ్మంటారు. బేరమాడడం తప్పని ఎవరూ అనరు. కానీ చేతిపని వస్తువు మీద తగ్గించిన సొమ్ము లాభంలోంచి పోవడం అరుదు. ముడిసరుకు ధర పనివాడి చేతిలో ఉండదు కనుక, అతడు తగ్గించుకోగలిగినవి సరుకు నాణ్యత, పని మీద పెట్టే సమయం మాత్రమే. ఈ ఏడాది మనం గెలిచిన బేరం వచ్చే ఏడాది పలుచటి రేకు రూపంలో మన ముందుకే వస్తుంది.

పెంబర్తిలో ఇత్తడి రేకును కాల్చి మెత్తబరిచి, లక్క మీద బిగించి, ఉలులతో ఓపికగా కొట్టి నగిషీ తేలుస్తారు. రేకు పలుచనైతే బొమ్మకు ఉబ్బు రాదు, లోతుగా కొడితే చిరుగుతుంది. ధ్వజస్తంభానికి తొడుగు చేయించే ఆలయ పెద్దలకు ఈ సంగతి తెలుసు కాబట్టే, ధర కంటే ముందు రేకు మందం, బరువు మాట్లాడుకుంటారు. సన్మానాల కోసం వందల్లో జ్ఞాపికలు చేయించే కార్యాలయాలు సాధారణంగా ఆ మాటే ఎత్తవు.

పాతకాలపు కొనుగోలుదారుకు, నేటి కొనుగోలుదారుకు అసలు తేడా ఇక్కడే ఉంది. కథను వరుస బొమ్మలుగా గుడ్డ మీద గీసే చేర్యాల నకాషీ పటాన్ని ఒకప్పుడు చేయించుకున్నది గోడకు తగిలించుకునేవారు కాదు, దాన్ని విప్పి ఊరూరా కులపురాణం చెప్పేవారు. పద్మశాలీలకు మార్కండేయ పురాణం వినిపించే కూనపులివారికి ప్రతి బొమ్మా కథలో ఒక ఘట్టం. ఒక్క ఘట్టం తప్పినా కథ నడవదు కనుక వారు పటాన్ని క్షుణ్ణంగా చూసి గాని తీసుకునేవారు కాదు. ఆ చూపు మనకు లేదు. గుడ్డకు గంజి, సుద్ద, చింతగింజల అంబలి పట్టించారా, ఎర్రటి నేపథ్యం మీద గీత చేత్తో తీసిందా అచ్చు వేసిందా అన్న ప్రశ్న అడగకుండానే ఫ్రేము సైజు చూసి డబ్బు చెల్లిస్తున్నాం.

తూకం కూడా అన్నిచోట్లా ఒకే న్యాయం చెప్పదు. పెంబర్తిలో బరువు తగ్గితే అనుమానించాలి. కరీంనగర్ వెండి తీగ పనిలో మాత్రం సన్నటి తీగే నైపుణ్యం. తీగను వెంట్రుకలా సాగదీసి, మెలితిప్పి, చట్రంలో అల్లికగా నింపి అతికే ఆ పనిలో వెండి తక్కువ, శ్రమ ఎక్కువ. గ్రాముల లెక్కన వెండి విలువ కట్టి, మిగిలిన మజూరీని దోపిడీ అనుకునే కొనుగోలుదారు అక్కడ తప్పు తక్కెడ పట్టుకున్నట్టే.

ఊరి పేరుతో ప్రసిద్ధమైన సరుకుకు ఇచ్చే భౌగోళిక గుర్తింపు (జీఐ) వచ్చింది కదా అని నిశ్చింతగా ఉండడానికీ లేదు. వరంగల్ జంపఖానాలకు, ఆదిలాబాద్ డోక్రా లోహపు బొమ్మలకు 2018లో ఆ గుర్తింపు దక్కింది. అది పేరును కాపాడుతుంది, మజూరీని నిర్ణయించదు. 1999 నాటి చట్టం ప్రకారం ఉత్పత్తిదారు అధీకృత వినియోగదారుగా, అంటే ఆ గుర్తింపును వాడుకునే హక్కున్నవాడిగా, విడిగా నమోదు కావాలి. దుకాణదారు గుర్తింపు గురించి గొప్పగా చెబితే, నేసినవారికి ఆ నమోదు ఉందా అని అడగడం మర్యాదే అవుతుంది. వరంగల్‌లోని కొత్తవాడ జంపఖానాను తిరగేసి చూస్తే నేతలో వచ్చిన డిజైన్ రెండు వైపులా కనిపిస్తుంది. పైన అద్దిన బొమ్మ ఒకవైపే ఉంటుంది. రెండూ మంచి సరుకే కావచ్చు, ఒకే ధరకు మాత్రం తగవు.

వ్యాపారుల బాధ్యత ఇంకా బరువైనది. డోక్రా పనిలో మైనపు తీగలతో బొమ్మ అల్లి, మట్టి పూసి, మైనం కరిగిపోయిన ఖాళీలో లోహం పోసి, చివరికి ఆ మట్టి అచ్చును పగలగొడతారు. అచ్చు మిగలదు కాబట్టి ఏ రెండు బొమ్మలూ అచ్చంగా ఒకేలా ఉండవు. అలాంటి పనికి రెండు వందల బొమ్మలు మచ్చుతో పోల్చితే తేడా రాకూడదని షరతు పెట్టి, వచ్చిన తేడాను లోపంగా చూపి సొమ్ము కోసే వ్యాపారికి తాను కొంటున్నదేమిటో తెలియదు, లేదా బాగా తెలుసు. సరుకు అమ్ముడయ్యాకే డబ్బిస్తామనడం మరీ అన్యాయం. ఇత్తడి, మైనం, బొగ్గు, నూలు నగదుకే వస్తాయి. బయానా లేకపోతే పనివాడు వాటిని అప్పు చేసి తెస్తాడు, ఆ వడ్డీ భారం మజూరీ మీద పడుతుంది. అందువల్ల ముడిసరుకు ఖర్చు మేరకైనా ఆర్డరు నాడే చేతికివ్వడం, మిగతాది సరుకు అందిన రోజే చెల్లిస్తామని కాగితం మీద రాయడం పనివాడికి చేసే ఉపకారం కాదు, ఆ ధరలో భాగమే.