లెక్కల మాస్టార్ల చేతివాటం

లెక్కల క్లాసుల్లో ఎన్నాళ్ల నుంచో సాగుతున్న ఒక అక్రమాన్ని ఇవాళ బయటపెట్టాలి. మాస్టార్లు చేతులతో పాఠం చెబుతున్నారు. నోరుంది, సుద్దముక్కుంది, డిజిటల్ బోర్డు కూడా ఉంది, అయినా ఆ చేతులు ఊరుకోవు. పిల్లల మీద చేయి చేసుకోవడం తప్పని ఎప్పుడో ఒప్పుకున్నాం గానీ, పిల్లల ముందు చేయి ఊపడం సంగతి ఎవరికీ పట్టలేదు.

నేరం జరిగే తీరు చూడండి. బోర్డు మీద 4 + 3 + 6 = __ + 6 అని ఉంటుంది. బుద్ధిమంతుడైన పిల్లాడు కనబడ్డవన్నీ కూడేసి 19 అంటాడు, లేదా సమానం గుర్తు దగ్గర ఆగిపోయి 13 అంటాడు. పాపం, వాడి దృష్టిలో ఆ గుర్తుకి "ఇక జవాబు రాయరా" అని అర్థం. రెండు పక్కలా ఒకే విలువ ఉండాలన్న గొడవ వాడికెందుకు? అప్పుడు టీచరమ్మ "ఈ పక్కా, ఆ పక్కా సమానం కావాలి" అంటూ ఒక చేత్తో ఎడమ పక్కంతా, రెండో చేత్తో కుడి పక్కంతా చూపిస్తుంది. వాడు 7 అనేస్తాడు! దీన్ని చేతివాటం అనక ఏమంటాం?

సాక్ష్యాలూ ఉన్నాయి. 2013లో సుసాన్ వాగ్నర్ కుక్, మరో ఇద్దరు పరిశోధకులు అమెరికాలో 184 మంది పిల్లలకు వీడియో పాఠాలు చూపించారు. మాటలు అందరికీ అవే, చేతులు మాత్రం కొందరికే. చేతులు చూసినవాళ్లు ఎక్కువ నేర్చుకున్నారు, పోనీలే అనుకుంటే మర్నాటి పరీక్షలో ఇంకా బాగా చేశారు, అంటే ఆ చేతులు రాత్రి కూడా ఓవర్‌టైం చేశాయన్నమాట. అదంతా టీచరమ్మ ముఖ కళ అని కొట్టిపారేద్దామా? 2017లో కుక్ బృందం కంప్యూటర్ బొమ్మతో పాఠం చెప్పించింది. చూపు, గొంతు, పెదాల కదలిక అన్నీ ఒకటే, తేడా చేతుల్లోనే. మళ్లీ చేతులే గెలిచాయి.

ఇంకా ఘోరం 2009 నాటిది. సుసాన్ గోల్డిన్-మెడో బృందం పిల్లల చేతే ఇలాంటి లెక్కల్లో కూడితే జవాబొచ్చే రెండంకెల్ని (పై లెక్కలో 4, 3 లాగా) వేళ్లతో జతగా చూపించింది. కొందరికి కావాలనే తప్పు జత నేర్పింది. వాళ్లు కూడా చేతులు కదపనివాళ్ల కంటే మెరుగ్గా నేర్చుకున్నారు! మరి తరతరాల మన "చేతులు కట్టుకుని కూర్చో" ఏం కావాలి?

అదృష్టం కొద్దీ ఆన్‌లైన్ క్లాసులు వచ్చాయి. స్లైడు నిండా అంకెలు, వెనక ఒక గొంతు, మూలన స్టాంపు బిళ్లంత మాస్టారు, అదీ మెడ దాకానే. నాలుగుసార్లు వెనక్కి తిప్పి చూసినా అర్థం కాలేదంటే పిల్లాడికి శ్రద్ధ లేనట్టే కదా.

మామూలు క్లాసులకు కూడా నేనొక రూలు రాశాను: ఎడమ చేయి జేబులో, కుడి చేయి మౌస్ మీద, బోర్డు వైపు తిరిగితే రెండూ వెనక్కి. మూడుసార్లు చదివి వినిపించాను, ఏ చేయి ఎక్కడో మాస్టార్లకి అర్థం కావట్లేదట. ఎవరైనా కాస్త చేత్తో చూపించి చెప్పండి.